రౌతుల మర్యాద, నిర్వాహకుల బాధ్యత

(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగ పాఠము)



"రౌతు కొద్దీ గుఱ్ఱము" అను సామెత మీరందరు ఎరిగినదే. గుఱ్ఱము ఎంత మేలుజాతిదైనను, దానిపై కూర్చున్నవాని నేర్పును బట్టియే అది నడుచునని దాని భావము. ఈ దినమున మేము ఆ సామెతకు మరియొక మాట చేర్చదలచితిమి. రౌతు ఎంత నేర్పరియైనను, అతడు పాల్గొను పోటీని ఏర్పాటు చేసినవారు తమ విధిని మరచినచో ఆ గుఱ్ఱమునకు క్షేమము లేదు. అట్లే నిర్వాహకులు ఎంత శ్రద్ధ వహించినను, రౌతు తన మర్యాదను తప్పినచో ఆ శ్రద్ధ యంతయు వ్యర్థమగును.

గ్రామ పంచాయతీ సభ్యులకు గుఱ్ఱపు స్వారీల ముచ్చట ఎందుకని మీలో కొందరు అనుకొనవచ్చును. మన పల్లెలలో నేడు గుఱ్ఱములు అరుదే. కాని మనకు తిరునాళ్ళు కలవు. సంక్రాంతికి, శివరాత్రికి, ఉగాదికి ఎడ్ల బండలాగుడు పోటీలు జరుగు గ్రామములు కలవు. అచ్చటను ఒక ప్రక్క నిర్వాహకులు, మరియొక ప్రక్క పోటీదారులు, నడుమ నోరులేని జీవము ఉన్నవి. కావున ఈ విషయము మనకు దూరమైనది కాదు.

మా ఉద్యోగపు తొలి దినములలో జరిగిన ఒక సంగతిని ముందుగా మనవి చేయుదుము. మా శాఖవారి చలనచిత్ర ప్రదర్శన కొరకు మేము ఒక గ్రామమునకు వెళ్ళియుంటిమి. ఆ నాడు అచ్చట బండలాగుడు పోటీ. కరపత్రములలో ఉదయము 7 గంటలకని అచ్చు వేసిరి. ముఖ్య అతిథి రాక ఆలస్యమగుటచే పోటీ 11 గంటల తరువాత గాని మొదలు కాలేదు. అంతవరకు ఎడ్ల జతలు ఎండలోనే నిలిచియుండెను. నీళ్ళ తొట్టి ఒక్కటియే ఉండెను. మూడవ జత బండను లాగుచుండగా దాపటి ఎద్దు మోకాళ్ళపై కూలెను. లేపినను లేవలేదు. దాని యజమాని, వృద్ధుడైన రైతు, దాని తలను ఒడిలో పెట్టుకొని అట్లే కూర్చుండిపోయెను. పశువైద్యుని కొరకు మనిషిని పంపిరి గాని, ఆయన వేరొక గ్రామములో ఉండుటచే వచ్చునప్పటికి రెండు గంటలు పట్టెను. ప్రొద్దు క్రుంకక ముందే ఆ ఎద్దు ప్రాణము విడిచెను.

తరువాత వాగ్వాదము మొదలయ్యెను. "ఎండలో నిలబెట్టి చంపితిరి" అని రైతు పక్షము వారు అనిరి. "రెండు దినములుగా మేత ముట్టని ఎద్దును తోలుకొని వచ్చినదెవరు?" అని నిర్వాహకులు అనిరి. విచారించగా ఇరువురి మాటయు నిజమే. ఆ నిజము ఉదయము 7 గంటలకే బయటపడియున్నచో ఎద్దు బ్రతికియుండును. కాని అడుగవలసినవారు అడుగలేదు, చెప్పవలసినవారు చెప్పలేదు. ఈ లోపమును సరిదిద్దుకొనుట ఎట్లు? దీనికి చక్కని దారి చూపినవారు దూరదేశముల దీర్ఘదూరపు గుఱ్ఱపు స్వారీల వారు. వారు కూడ ఆ దారిని సులభముగా కనుగొనలేదు.

1892వ సంవత్సరమున ఆస్ట్రియా, జర్మనీ దేశముల సైనికాధికారులు వియన్నా, బెర్లిను నగరముల మధ్య ఒక స్వారీ పోటీని జరిపిరి. ఆస్ట్రియనులు వియన్నా నుండి బెర్లినుకు, జర్మనులు బెర్లిను నుండి వియన్నాకు బయలుదేరిరి. దూరము 550 కిలోమీటర్లకు పైమాట. అందరికంటె వేగముగా చేరినవానికి సుమారు మూడు దినములు పట్టెను. ఎవరు ముందు చేరుదురన్నదే ముఖ్యముగాని, చేరిన గుఱ్ఱము ఏ స్థితిలో ఉన్నదన్నది ఆ విజయమునకు అడ్డు కాలేదు. ఫలితముగా ఇరువదికి పైగా గుఱ్ఱములు ప్రాణములు కోల్పోయెను. ఆ అధికారులు క్రూరులు కారు. గుఱ్ఱములను ప్రేమించి పెంచినవారే. కాని పోటీ నియమము వేగమునకు మాత్రమే బహుమానము ఇచ్చినప్పుడు, ప్రేమ కూడ వెనుకబడిపోవునని ఈ చరిత్ర తెలుపుచున్నది. పోటీ పెట్టువారు దేనికి బహుమతి ఇత్తురో, పోటీదారు దానికొరకే పాటుపడును. ఇది మనము మొట్టమొదట గ్రహింపవలసిన సత్యము.

తరువాతి కాలమున మార్పు వచ్చెను. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున ఆబర్న్ అను ఊరు కలదు. ఆ ఊరి ప్రముఖుడైన వెండెల్ రోబీ అను ఆయన 1955వ సంవత్సరమున కొందరు మిత్రులతో కలిసి, టాహో సరస్సు ప్రాంతము నుండి సియెర్రా నెవాడా పర్వతములు దాటి ఆబర్న్ వరకు 100 మైళ్ళు, అనగా సుమారు 160 కిలోమీటర్లు, ఒక్క దినములో స్వారీ చేసెను. నాటి నుండి ఆ స్వారీ వార్షికోత్సవముగ పరిణమించెను. దానిని టెవిస్ కప్పు స్వారీ అని పిలుతురు. 24 గంటలలోపున దూరము ముగించి, గుఱ్ఱము ఇంకను ప్రయాణము చేయగల స్థితిలో ఉన్నదని పశువైద్యులు నిర్ణయించినచో, మొదట వచ్చినవానికైనను కడపట వచ్చినవానికైనను ఒకే విధమైన వెండి బిళ్ళగల నడికట్టు లభించును. బయలుదేరినవారిలో సుమారు సగము మందియే గమ్యము చేరుదురు. మిగిలినవారు త్రోవలో ఆపివేయబడుదురు, లేక తామే ఆగిపోవుదురు.

ఇంకొక విశేషము. 1964 నుండి అచ్చట హాగిన్ కప్పు అను మరియొక బహుమతిని ఇచ్చుచున్నారు. మొదట వచ్చిన పది గుఱ్ఱములలో ఏది మిక్కిలి ఆరోగ్యముగ ఉన్నదో పరీక్షించి దానికే ఆ కప్పును బహూకరింతురు. వేగముతో పాటు క్షేమమునకు కూడ గౌరవము కల్పించిన ఏర్పాటు ఇది. 1966లో ఆస్ట్రేలియా దేశమున టామ్ క్విల్టీ స్వర్ణ కప్పు పేర ఇట్టి స్వారీయే మొదలయ్యెను. 1972లో అమెరికాలో ఈ స్వారీలకు ఒక జాతీయ సంఘము ఏర్పడెను. గమ్యము చేరుటయే గెలుపు అన్నది ఆ సంఘము వారి ఆదర్శము.

ఇక ఈ స్వారీ నడుచు తీరును తెలిసికొందము. 160 కిలోమీటర్ల దారిని కొన్ని భాగములుగా విభజింతురు. ఒక్కొక్క భాగము చివర ఒక మజిలీ ఉండును. గుఱ్ఱము మజిలీకి రాగానే, నిర్ణీతమైన కొద్ది వ్యవధిలో దాని గుండె వేగము తగ్గవలెను. విశ్రాంతిగా నిలుచున్న పెద్ద గుఱ్ఱము గుండె నిమిషమునకు సుమారు 28 నుండి 44 పర్యాయములు కొట్టుకొనును. మజిలీలో అది 64కు మించియుండరాదన్నది విస్తారముగ అమలులోనున్న కొలత. తరువాత పశువైద్యుడు చిగురును వ్రేలితో నొక్కి విడిచి, ఎరుపు రంగు ఎంతలో తిరిగివచ్చునో చూచును. మెడపై చర్మమును చిటికెతో పట్టి వదలి, అది వెంటనే సరియగునా, ముడుతపడి నిలుచునా అని చూచును. ప్రేవుల చప్పుడు వినును. పిమ్మట గుఱ్ఱమును గట్టినేలపై సుమారు 40 మీటర్ల దూరము దుడుకు నడకతో నడిపించి కుంటు ఉన్నదేమో పరిశీలించును. వీనిలో దేనియందు లోపము కనబడినను ఆ గుఱ్ఱమునకు ఆ దినపు పోటీ ముగిసినట్లే. తరువాత కొంతసేపు నిర్బంధ విశ్రాంతి, మేత, నీరు. ఆ తరువాతనే రెండవ భాగము.

ఇంత కట్టుబాటు ఎందుకు? గుఱ్ఱము వేడిలో పరుగిడునప్పుడు గంటకు 10 నుండి 15 లీటర్ల వరకు చెమర్చును. ఆ చెమటతో నీరు మాత్రమే గాక లవణములు కూడ విస్తారముగా పోవును. లవణములు పోయినప్పుడు ఒక విచిత్రము జరుగును. ఒడలు ఎండిపోవుచున్నను గుఱ్ఱమునకు దాహము తెలియదు. తొట్టి యెదుట నిలబెట్టినను త్రాగదు. చూచువాడు "దీనికి దాహము లేదు, బాగుగనే ఉన్నది" అని భ్రమపడును. అందుచేతనే స్వారీ చేయువాని కంటికి మాత్రమే నిర్ణయమును వదలక, పోటీలో లాభనష్టములు లేని పశువైద్యుని చేతికి అప్పగించిరి. రౌతు ఎంత పెద్దవాడైనను, ఎంత ధనము వెచ్చించినవాడైనను, ఆ వైద్యుని మాటకు ఎదురు చెప్పరాదు. ఇది అచ్చటి మొదటి మర్యాద.

ఇప్పుడు నిర్వాహకుల బాధ్యతలు వినుడు.

మొదటిది, సత్యము చెప్పుట. దూరము ఎంత, త్రోవ ఎట్టిది, నీరు ఎచ్చటెచ్చట దొరకును, నియమములు ఏవి అన్నది ముందుగనే ప్రకటింపవలెను. స్వారీకి ముందునాటి సాయంకాలము రౌతులనందరిని కూర్చి, త్రోవ విశేషములను, ప్రమాదస్థలములను వివరించుట అచ్చటి ఆచారము. ఆ సభకు రానివాడు తరువాత తనకు తెలియలేదని అనుటకు వీలులేదు.

రెండవది, త్రోవకు గుర్తులు. చెట్ల కొమ్మలకు రంగుల పట్టీలు కట్టుట, మలుపుల వద్ద సున్నముతో బాణపు గుర్తులు వేయుట చేయుదురు. ఇతరుల భూముల గుండ పోవలసివచ్చినచో వారి అనుమతి ముందుగా పొందుదురు. స్వారీ ముగిసిన తరువాత ఆ పట్టీలన్నిటిని విప్పివేయుట కూడ నిర్వాహకుల పనియే. చేయనిచో మరుసటి సంవత్సరము ఆ భూస్వామి త్రోవ ఇయ్యడు.

మూడవది, నీరు, వైద్యము, వాహనము. పరీక్షించు పశువైద్యులు వేరు, చికిత్స చేయు పశువైద్యుడు వేరుగా ఉండుట మేలు. ఆపివేయబడిన గుఱ్ఱమును శిబిరమునకు చేర్చుటకు బండి సిద్ధముగా ఉండవలెను. "నీ గుఱ్ఱము నడువరాదు" అని చెప్పి, దానిని అడవిలో విడిచిపెట్టినచో ఆ తీర్పునకు అర్థము లేదు.

నాలుగవది, కడపటివాని కొరకు వేచియుండుట. మొదటి బహుమతి పుచ్చుకొనువాని చుట్టు అందరు మూగుదురు. నడిరాత్రి గడచిన తరువాత అలసిన గుఱ్ఱముతో వచ్చువాని కొరకు దీపము పట్టుకొని నిలుచువాడే నిజమైన నిర్వాహకుడు. అందరికంటె వెనుక త్రోవను చూచుచు వచ్చుటకు కొందరు రౌతులను నియమించు ఆచారము కూడ కలదు.

అయిదవది, నిష్పక్షపాతము. ఒకనికి ఒక నియమము, మరియొకనికి మరియొక నియమము ఉండరాదు. నడుమ నియమము మార్చవలసివచ్చినచో, అది గుఱ్ఱముల క్షేమము కొరకే మారవలెను. అందరికి ఒకేసారి తెలుపవలెను.

రౌతుల మర్యాదలు ఇంతకంటె తక్కువవి కావు.

ఇరుకు బాటలో ముందు పోవువానిని దాటవలెనన్నచో, ముందుగా కేక వేసి అనుమతి అడిగి, వీలైన చోటనే నెమ్మదిగ దాటవలెను. ముందు గుఱ్ఱము తోకను ఆనుకొని నడువరాదు. తన్ను అలవాటుగల గుఱ్ఱము తోకకు ఎఱ్ఱ పట్టీ కట్టి ఇతరులను హెచ్చరింపవలెను. నీళ్ళ వద్ద ఒక గుఱ్ఱము త్రాగుచుండగా, తన గుఱ్ఱము త్రాగుట ముగిసినదని వెంటనే దౌడు తీయరాదు. గుఱ్ఱము మందతో కూడిన జీవము. తోడిది పోవుట చూచినచో అది నీరు మాని వెంటబడును. ఆ ఒక్క గుక్క నీరే దాని ప్రాణమును నిలుపునది కావచ్చును. కావున అన్ని గుఱ్ఱములు తలలు ఎత్తువరకు నిలుచుట మర్యాద. త్రాగు నీటి తొట్టిలో చెమట తుడిచిన గుడ్డను ముంచరాదు. దానిలోని ఉప్పు చేరినచో వెనుక వచ్చు గుఱ్ఱములు ఆ నీటిని ముట్టవు.

త్రోవలో ఎవరైనను పడిపోయినచో పోటీని మరచి ఆగవలెను. తీసిన గేటును మరల మూయవలెను. శిబిరము విడుచునప్పుడు తన గుఱ్ఱపు లద్దిని, మిగిలిన గడ్డిని ఎత్తి శుభ్రము చేయవలెను. నీళ్ళు మోసినవారు, గుండె లెక్కించినవారు, రాత్రియంతయు మలుపువద్ద నిలిచినవారు చాలవరకు జీతము లేకయే పనిచేయు స్వచ్ఛంద సేవకులు. వారికి కృతజ్ఞత తెలుపకుండ పోరాదు. ఫిర్యాదు ఉన్నచో నలుగురిలో అరవక, నిర్వాహకుని ప్రక్కకు పిలిచి చెప్పవలెను. నియమములలో ఫిర్యాదునకు ఒక పద్ధతి ఉన్నచో దానినే అనుసరింపవలెను.

వీటన్నిటికంటె ముఖ్యమైన మర్యాద ఒకటి కలదు. పోటీ మానుకొన్న రౌతు ఆ సంగతిని నిర్వాహకులకు చెప్పక ఇంటికి పోరాదు. ఇది చిన్న విషయమువలె కనబడును. కాని లెక్కలో ఒక గుఱ్ఱము తక్కువైనచో, నిర్వాహకులు ఆ రౌతు ఏ లోయలో పడియున్నాడో యని దీపములు పట్టుకొని రాత్రియంతయు వెదకుదురు. వెదకబోయినవారికే ప్రమాదము కలుగవచ్చును. అతడు మాత్రము ఇంటిలో సుఖముగా నిద్రించుచుండును. ఒక్క మాట చెప్పి పోవుటకు ఒక్క నిమిషము చాలును. ఆ నిమిషమే మర్యాదకు, బాధ్యతా రాహిత్యమునకు గల అంతరము.

ఇన్ని నియమములు ఉన్నను లోపములు జరుగకపోలేదు. 2018 సెప్టెంబరు 12న అమెరికాలోని నార్త్ కరొలీనా రాష్ట్రమున, ట్రయన్ అను స్థలమున ప్రపంచ స్థాయి దీర్ఘదూర స్వారీ పోటీ జరిగెను. తెల్లవారుజామున బయలుదేరిన రౌతులలో కొందరిని తప్పుత్రోవలోనికి పంపిరి. దానివలన పోటీని నిలిపి, దూరము తగ్గించి, మరల మొదలుపెట్టవలసివచ్చెను. తరువాత ఎండ, ఉక్క మిక్కుటమగుటచే పోటీని పూర్తిగా రద్దుచేసిరి. ఎన్నో గుఱ్ఱములకు చికిత్స అవసరమయ్యెను. ఒక గుఱ్ఱము తరువాత మరణించెను. ప్రపంచమంతటి నుండి శ్రమపడి, ధనము వెచ్చించి వచ్చిన రౌతులు ఎంత నొచ్చుకొనియుందురో మీరే ఊహింపుడు. ఉదయపు పొరపాటు ఎవరికిని గౌరవము కాదు. కాని వేడి మించినదని తెలిసినప్పుడు, ఇంత దూరము వచ్చితిమి గదా అని సాగనీయక ఆపివేయుట సరియైన పనియే. ఆపుటకు సాహసము కావలెను. చప్పట్లు కొట్టు జనము ఎదుట ఆపుటకు ఇంకను ఎక్కువ సాహసము కావలెను.

మిత్రులారా, ఇక మన ఊరికి వత్తము. బండలాగుడు పోటీలో ఎడ్ల వయస్సును పండ్లను బట్టి నిర్ణయించి, రెండు పండ్లవి, నాలుగు పండ్లవి, ఆరు పండ్లవి అని విభాగములు చేయుట మీకు తెలిసినదే. నియమిత నిమిషములలో ఏ జత ఎన్ని అడుగులు బండను లాగెనో కొలిచి బహుమతి నిర్ణయింతురు. ఇందు మన పూర్వుల వివేకము కొంత కలదు. లేతవానిని ముదురువానితో పోటీకి దింపరాదను న్యాయము ఆ విభాగములలోనే ఉన్నది. అయితే వియన్నా, బెర్లిను స్వారీవలెనే ఇచ్చటను కొలుచునది దూరమునే గాని క్షేమమును కాదు. ఎద్దు గుఱ్ఱముతో పోల్చినచో తక్కువగా చెమర్చును. నోరు తెరచి, నాలుక చాచి, సొంగ కార్చుచు రొప్పుచున్నదన్నచో వేడి దాని మేర దాటినదని అర్థము. ఆ గుర్తును చూచి "ఇంకొక్క మలుపు" అని అదలించువాడు దాని యజమాని యనుటకు తగడు.

చట్టము కూడ ఈ విషయమున మౌనముగా లేదు. 1960వ సంవత్సరపు జంతు హింసా నివారణ చట్టము పశువును కొట్టుటను, మితిమించిన బరువు మోపుటను, రోగముతోనో వయస్సు మళ్ళియో పనికి తగని పశువుచే పని చేయించుటను నేరముగా నిర్ణయించినది. 1965లో బండ్లు లాగు పశువులను గూర్చి ఏర్పడిన నియమములు మరింత స్పష్టముగ చెప్పుచున్నవి. దినమునకు 9 గంటలకు మించి, విశ్రాంతి లేకుండ ఒకేసారి 5 గంటలకు మించి పని చేయింపరాదు. వేడి 37 డిగ్రీల సెంటిగ్రేడు దాటు ప్రాంతములలో మధ్యాహ్నము 12 నుండి 3 గంటల వరకు వానిని పనిలో పెట్టరాదు. మేకు గల ముల్లుకర్ర వాడరాదు. ఈ నియమములను ప్రతి రైతును పొలము పనిలో సైతము గుర్తుంచుకొనవలెను.

2014 మే 7న సుప్రీం కోర్టు జల్లికట్టును, ఎడ్లబండి పందెములను నిషేధించుచు తీర్పు ఇచ్చెను. తరువాత తమిళనాడు, మహారాష్ట్ర, కర్ణాటక రాష్ట్రములు తమ తమ చట్ట సవరణలు చేసికొనగా, 2023 మే 18న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ సవరణలు చెల్లునని నిర్ణయించెను. ఆ తీర్పు ఆ రాష్ట్రముల సవరణలను గూర్చినది. దానిని చూపి ఎక్కడ ఏ పోటీయైనను జరుపవచ్చునని ఎవరును భ్రమపడరాదు. మన ఊరిలో ఎవరైనను ఇట్టి పోటీ తలపెట్టినచో, మొదట జిల్లా అధికారులను, పశుసంవర్ధక శాఖవారిని అడిగి, చట్టము అనుమతించు మేరకే నడుచుకొనునట్లు చూచుట పంచాయతీ విధి. అనుమతి లేనిది ఎంత పాత ఆచారమైనను మానవలసినదే.

పశువులు పాల్గొను ఏ ఉత్సవమునకైనను, ఏ సంతకైనను వర్తించు నాలుగు పనులను మీరు ఇంటికి తీసికొనిపోవలెనని మా కోరిక.

ఒకటి: ముందునాటి సభ. నిర్వాహకులను, పశువుల యజమానులను ఒకచోట కూర్చి, వేళలను, నియమములను, ఎవరి పని ఏదియో చదివి వినిపింపుడు. చెప్పిన వేళకే మొదలుపెట్టుడు. అతిథి ఆలస్యమైనచో అతిథి లేకయే మొదలుపెట్టుడు. గొప్పవాడైన అతిథి దానికి కోపగింపడు. కోపగించువాని కొరకు పశువులను ఎండలో నిలుపుట తగదు.

రెండు: పశువైద్యుడు వచ్చిన తరువాతనే కార్యక్రమము. ఆయన రాలేనిచో వాయిదా వేయుడు. వచ్చిన తరువాత ఆయన మాటయే తుదిమాట. సర్పంచి బంధువు ఎద్దైనను, సభ్యుని ఎద్దైనను, ఆయన వలదన్నచో కాడి విప్పవలెను.

మూడు: నీడ, నీరు. ఒక్క తొట్టి చాలదు. పందిరి ప్రేక్షకులకు వేయుటకు ముందు పశువులకు వేయుడు.

నాలుగు: యజమాని సత్యము చెప్పుటకు వీలు కల్పింపుడు. ఇది అన్నిటికంటె కష్టమైనది. ఆ వృద్ధ రైతు తన ఎద్దు మేత తినుట లేదని తెలిసియు ఎందుకు చెప్పలేదు? ప్రవేశ రుసుము కట్టియుండెను. ఊరివారందరు డప్పులతో సాగనంపిరి. వెనుదిరిగినచో నవ్వుదురని భయపడెను. ఈ భయమును పోగొట్టవలసినది మనమే. ఉదయము పరీక్షకు ముందు విరమించుకొన్నవానికి రుసుము తిరిగి ఇచ్చు నియమము పెట్టుడు. పశువు క్షేమము కోరి తప్పుకొన్న యజమానిని వేదికపైకి పిలిచి, నలుగురి ఎదుట ఒక కండువా కప్పుడు. బహుమతి దేనికిత్తుమో మనుష్యులు దానికొరకే పాటుపడుదురని ముందే విన్నవించితిమి. తప్పుకొనుటలోను గౌరవమున్నదని తెలిసిననాడు ఎవరును రోగపు పశువును కాడికి కట్టరు.

యజమానులకు కూడ ఒక మాట. నిర్వాహకులు మీ ఊరివారే. తమ పనులు మానుకొని, చందాలు ప్రోగుచేసి, నీళ్ళు మోసి, గుంజలు పాతినవారు. లోపము కనబడినచో వారికి ముందుగా చెప్పుడు. నీళ్ళు చాలవన్నచో ఒక కడవ మీరును అందుకొనుడు. మీ పశువునకు అస్వస్థత ఉన్నచో దాచవలదు. దాచినచో మీరు మోసగించునది నిర్వాహకులను కాదు. మిమ్ము నమ్మి కాడికి మెడ ఒడ్డిన మూగజీవమును.

మేము ఆ గ్రామము నుండి ఆ రాత్రి చిత్ర ప్రదర్శన చేయకయే తిరిగి వచ్చితిమి. తెర కట్టుటకు ఎవరికిని మనసు రాలేదు. మరునాటి నుండి ఆ రైతు పక్షమునకు, నిర్వాహకులకు మాటలు లేకపోయెనని తరువాత వింటిమి. ఒక ఎద్దు మరణమే గాక, ఒక ఊరి పొత్తు కూడ చెడెను. అడిగియుండవలసిన ప్రశ్న ఒక్కటే: "అయ్యా, నీ ఎద్దు ఎట్లున్నది?" చెప్పియుండవలసిన జవాబు ఒక్కటే: "బాగులేదు. ఈ సారికి విడిచిపెట్టుడు."

మీ మీ గ్రామములలో రాబోవు పండుగనాడు ఆ ప్రశ్నను అడుగువారు, ఆ జవాబును గౌరవించువారు మీరే కాగలరని మా విశ్వాసము.